విపత్తులకు ముందే ఆస్తి ఏర్పాటు: చిల్పూర్, ఉమ్మడి వరంగల్ పల్లెల నేపథ్యం

ఆస్తి ఏర్పాటు అంటే ఒక మనిషి తాను లేనప్పుడు, లేదా ఉండి కూడా మాట్లాడలేని, సంతకం పెట్టలేని స్థితిలో పడ్డప్పుడు తన భూమి, ఇల్లు, డబ్బు, అప్పులు, పిల్లల బాధ్యత ఎవరికి ఎలా చెందాలో ముందే రాసి పెట్టుకోవడం. ఇందులో వీలునామా ముఖ్యమైనదే గానీ అదొక్కటే సరిపోదు. బ్యాంకులో, బీమాలో నామినీ పేర్లు, భూమి రికార్డులో సరైన వివరాలు, బాకీల లెక్క, మైనర్ పిల్లలకు సంరక్షకుల పేర్లు, కాగితాల నకళ్లు, వైద్యం గురించిన ముందస్తు సూచన అన్నీ కలిస్తేనే ఏర్పాటు పూర్తవుతుంది. మామూలు మరణంలో ఇవి లేకపోయినా కుటుంబం ఎలాగో నెట్టుకొస్తుంది. వరద వచ్చి మనిషినీ, బీరువానూ, సాక్షులనూ ఒకే రాత్రి తీసుకుపోతే అలా నెట్టుకురావడం కుదరదు. మిగిలినవాళ్లు దుఃఖంలో ఉండగానే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ప్రాంతం, ఆపదలు

చిల్పూర్ జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్‌కు దగ్గరున్న మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విభజించినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి. భూపాలపల్లి నుంచి 2019లో ములుగు విడిపోయింది. చిల్పూరు గుట్ట మీద వెలసిన దేవుడిని బుగులు వేంకటేశ్వరస్వామి అంటారు. బుగులంటే ఈ ప్రాంతపు మాటలో భయం, దిగులు. పెళ్లి కోసం కుబేరుని దగ్గర తెచ్చిన అప్పు తీర్చే దారి తెలియక, బుగులు పట్టి స్వామి ఈ గుట్టకు వచ్చి గుహలో తపస్సు చేశాడని భక్తులు చెప్పుకుంటారు. అప్పు బుగులు దేవుడిని కూడా వదల్లేదని నమ్మే ఊళ్లలో, తాను పోతే ఇల్లు ఏమవుతుందన్న బుగులు ప్రతి రైతుకూ ఉంటుంది. ఆ బుగులుకు మందు కాగితం మీద రాసిన మాట.

ఇక్కడి ఆపదలు ఏటేటా కళ్ల ముందు కనబడుతున్నవే. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అప్పటిదాకా అంత వాన నమోదు కాలేదు. జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల పైకప్పులెక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి వాళ్లను కాపాడాయి. కొందరు కొట్టుకుపోయారు. అదే వానకు ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు మనుషులను మింగింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండా వంటి ఆవాసాలు నీట మునిగాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి.

పేపర్లో పెద్ద అక్షరాల్లో రాని ఆపదలు ఇంకా ఎక్కువ. బావి దగ్గర మోటరు షాకు, పత్తి చేనులో పిడుగు, పాము కాటు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారి మీద ప్రమాదం, భూపాలపల్లి గనుల్లో ప్రమాదం, పట్నంలో ఉన్నట్టుండి గుండెపోటు. వీటిలో దేనిలోనైనా పోయే మనిషి తరచుగా ఇంటి లెక్కలన్నీ తన తలలోనే పెట్టుకున్న మనిషి అయి ఉంటాడు.

వాడుక మాటలు

ఈ ప్రాంతంలో వారసత్వ వ్యవహారానికి సంబంధించిన మాటలు ఎక్కువగా నిజాం కాలపు రెవెన్యూ భాష నుంచి వచ్చాయి. పట్టాదారు చనిపోయాక భూమిని వారసుల పేరుకు మార్చడాన్ని విరాసత్ అంటారు. ఫౌతీ అంటే మరణం, ఆ మరణం మీద జరిగే పట్టా మార్పు. సాగు వివరాల రికార్డు పహాణీ. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా లావుణి పట్టా. తెల్ల కాగితం మీద రాసుకున్న క్రయం సాదాబైనామా. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు పంచుకుంటే అది పంపకం, రాస్తే పంపకాల కాగితం. వీలునామా అన్న మాట అందరికీ తెలుసు. రాయమంటే మాత్రం చావును పిలిచినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. బీమా కట్టడానికి లేని జంకు వీలునామాకు ఉండడానికి కారణం అలవాటు లేకపోవడమే.

చారిత్రక నేపథ్యం

తెలుగు నేలలో హిందూ కుటుంబాల ఆస్తి వ్యవహారం మితాక్షర సంప్రదాయాన్ని అనుసరించింది. 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన ఆ ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరము పేరుతో తెలుగు చేశాడు. ఆ పద్ధతిలో కొడుకులకు పుట్టుకతోనే పాలు ఉండేది. చనిపోయేవాడు ఇష్టప్రకారం రాసి ఇచ్చే వీలునామాకు చోటు తక్కువ. వీలునామా విధానం ఇంగ్లీషు న్యాయస్థానాలతో పాటు వచ్చింది. 1925 భారత వారసత్వ చట్టం వీలునామా రాసే పద్ధతిని స్థిరపరిచింది. 1956 హిందూ వారసత్వ చట్టం భార్యకు, కూతురికి, తల్లికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు అది వర్తించింది. దేశమంతటికీ 2005 సవరణ ఆ హక్కును తెచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేకుండా కూతురికి హక్కు ఉంటుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఆడబిడ్డకు పసుపుకుంకుమల కింద ఇచ్చేశాం కదా అన్న మాట ఇప్పటికీ పంపకాల్లో వినబడుతుంది. ఆ మాటకు చట్టంలో బలం లేదు.

రాసి పెట్టకపోతే ఎవరికి చెందుతుంది

వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే అతని ఆస్తి మొదట భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లికి సమాన వాటాలుగా పోతుంది. తండ్రి ఆ మొదటి వరసలో ఉండడు. ఈ సంగతి తెలియక, కొడుకు పేరు మీద భూమి కొన్న తండ్రులు తర్వాత నిరాశ పడుతుంటారు. స్త్రీ చనిపోతే ఆమె ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు చెందుతుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు పోతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తర్వాతి వరసలో ఉంటారు. పిల్లలు లేని స్త్రీకి పుట్టింటి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది.

క్రైస్తవ కుటుంబాలకు 1925 చట్టమే వర్తిస్తుంది. భార్యా పిల్లలు ఉంటే భార్యకు మూడో వంతు, పిల్లలకు మూడింట రెండు వంతులు. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం వాటాలు ముందే నిర్ణయమై ఉంటాయి. వీలునామా ద్వారా ఇవ్వగలిగేది సాధారణంగా మూడో వంతు వరకే. వారసుల్లో ఒకరికే రాయాలంటే మిగతా వారసుల సమ్మతి కావాలి. మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు ప్రాంతాల్లోని లంబాడా, కోయ వంటి షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం దానంతట అది వర్తించదు. అక్కడ తెగ ఆచారమే ఆధారం. ఆచారం నోటి మాట మీద నడుస్తుంది కాబట్టి పెద్దల సమక్షంలో కుటుంబ నిర్ణయాన్ని రాసి పెట్టుకోవడం ఆ ఇళ్లకు మరీ అవసరం.

వీలునామా

మతిస్థిమితం ఉన్న మేజర్ ఎవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు. రాసిన మనిషి సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు, ఆ సంతకం పెట్టడం చూసి, లేదా అది తనదేనని రాసిన మనిషి చెప్పగా విని, అతని ఎదుటే తామూ సంతకం చేయాలి. బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. హిందువులకు నోటి వీలునామా చెల్లదు. 1925 చట్టం నోటి మాటకు విలువనిచ్చేది యుద్ధంలో ఉన్న సైనికుడి వంటి కొద్దిమందికే. వాగు దాటుతూ ఫోన్లో చెప్పిన చివరి మాట ఎంత నిజమైనా కోర్టులో నిలబడదు.

ఎవరికి ఆస్తి రాస్తున్నారో వాళ్లను సాక్షిగా పెట్టకపోవడం మంచిది. వీలునామా నిరూపించాలంటే సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. అందుకే వయసులో తనకంటే చిన్నవాళ్లను, వేర్వేరు ఇళ్లవాళ్లను, వీలైతే వేరే ఊరివాళ్లను సాక్షులుగా ఎంచుకోవాలి. ఒకే వాడకట్టులో ఒకే వరదకు గురయ్యే ఇద్దరు సాక్షులుంటే ఆ వీలునామా సగం తడిసినట్టే. చికిత్సలో ఉన్న మనిషి రాస్తుంటే ఆయన తెలివిలోనే ఉన్నాడని డాక్టరు చేత రాయించుకుంటే తర్వాత అనుమానాలకు తావుండదు. ఒక బిడ్డకు తక్కువ రాస్తున్నా, అసలు రాయకపోయినా ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మాత్రం ఇల్లు మునిగినా రికార్డు మిగులుతుంది. నడవలేని మనిషికి ఇంటికే వచ్చి రిజిస్టర్ చేసే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఆ చట్టంలోనే చాలామందికి తెలియని ఏర్పాటు మరొకటుంది. వీలునామాను సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచవచ్చు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. కావాలంటే రాసిన మనిషి వెనక్కి తీసుకోవచ్చు. మరణం తర్వాత దరఖాస్తు చేస్తే రిజిస్ట్రార్ కవరు విప్పి, నకలును పుస్తకంలో ఎక్కించి, అసలును తన దగ్గరే ఉంచుతాడు. విపత్తుల ప్రాంతంలో ఇంతకంటే చవకైన, గట్టి రక్షణ దొరకదు.

ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని ఒక్కరే రాసివ్వలేరు. తన వాటా వరకే ఎవరికైనా రాయగలరు. లావుణి భూములు వారసులకు వస్తాయి గానీ బయటివాళ్లకు అమ్మడానికి, బదిలీకి వీలుండదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పోడు పట్టాలు కూడా అంతే. అవి భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలని ఆ చట్టమే చెబుతుంది. పట్టాలో భార్య పేరు లేకపోతే బతికుండగానే సరిచేయించుకోవడం మేలు.

భూమి కాగితాలు

తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మార్పిడి తహసీల్దారు ఆఫీసులోనే జరిగేట్టయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. ధరణిలో విరాసత్ ఎక్కువగా వారసుల ఉమ్మడి ఒప్పందం మీద ఆధారపడింది. కొత్త చట్టంలో వారసులకు నోటీసు ఇచ్చి విచారించాకే పేరు మార్చాలి. ఆడబిడ్డల పేర్లు దాచిపెట్టి పట్టా చేయించుకునే అలవాటుకు ఇది అడ్డుకట్ట. అయినా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, పాస్ బుక్కు, ఆధార్ వివరాలు ఒకదానితో ఒకటి సరిపోలితేనే పని ముందుకు సాగుతుంది. పాస్ బుక్కులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మరొక స్పెల్లింగ్ ఉంటే ఆ తేడాను సరిచేయగలిగే మనిషి బతికున్నప్పుడే సరిచేసుకోవాలి.

సాదాబైనామా భూములు ఈ ప్రాంతంలో పెద్ద గాయం. రిజిస్టర్ అయిన దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు దొరుకుతుంది. సాదాబైనామాకు మరో నకలు ప్రభుత్వం దగ్గర లేదు. ఆ కాగితం తడిసిందంటే కొన్నవాడి హక్కుకు ఉన్న ఒకే ఆధారం కరిగిపోయినట్టే. సంతకం పెట్టిన సాక్షులు కూడా ఒక్కొక్కరే పోతుంటారు. అలాంటి కాగితం ఉన్నవాళ్లు దాని ఫొటోలు, పహాణీ నకళ్లు, కరెంటు బిల్లులు వేరే ఊళ్లోని బంధువు దగ్గర కూడా ఉంచాలి. క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకుని ఉంటే ఆ నంబరును పిల్లలకు చెప్పాలి.

నామినీ, బీమా

నామినీకి ఆస్తి రాసిచ్చినట్టే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బ్యాంకు డిపాజిట్టులో నామినీ డబ్బు అందుకుని వారసులకు అప్పగించాల్సిన ధర్మకర్త మాత్రమే. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. విపత్తుల దృష్ట్యా ఇది మంచి మార్పు. భార్యాభర్తలు ఒకరికొకరే నామినీలై, ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే ఆ ఖాతాకు అడిగేవాళ్లే లేకుండా పోయేవాళ్లు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తాయి. అయినా హక్కు పోదు. రిజర్వ్ బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్లో వెతికి, బ్యాంకును అడగవచ్చు.

రైతు కుటుంబానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న బీమా రైతుబీమా. 2018 ఆగస్టు 15న మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు ఎల్ఐసీ నుంచి వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. నామినీ ముందే చనిపోయి ఉంటే, ఆ పేరు మార్చకపోతే క్లెయిము ఆగిపోతుంది. ప్రతి ఏడాది ఆగస్టు లోపు వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసి పేరు సరిచూసుకోవడం ఇంటి పెద్ద బాధ్యత. కౌలు రైతుకు పట్టా లేదు కాబట్టి ఈ బీమా లేదు. ఆ కుటుంబాలకు బ్యాంకు ద్వారా వచ్చే చిన్న బీమాలే ఆధారం. ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన జ్యోతి, 20 రూపాయలతో సురక్ష బీమా ఉన్నాయి. మొదటిది ఏ మరణానికైనా, రెండోది ప్రమాద మరణానికి, రెండూ 2 లక్షల చొప్పున ఇస్తాయి. బండి బీమాలో యజమానే నడుపుతూ చనిపోతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుందని చాలా ఇళ్లలో తెలియదు. దానికి లైసెన్సు, పాలసీ రెండూ చెల్లుబాటులో ఉండాలి. సింగరేణి కార్మికులైతే బొగ్గుగనుల భవిష్యనిధి, కంపెనీ రికార్డుల్లో ఆధారపడినవారి పేర్లు పెళ్లి తర్వాత, పిల్లలు పుట్టాక మార్పించుకోవాలి.

విపత్తు మృతులకు జాతీయ ప్రమాణాల ప్రకారం 4 లక్షల పరిహారం ఉంటుంది. 2024 వరదల్లో తెలంగాణ దాన్ని 5 లక్షలుగా ప్రకటించింది. ఈ సహాయం కూడా వారసులెవరో తేలాకే చేతికి వస్తుంది.

విపత్తే తెచ్చే చిక్కులు

మొదటిది, ఒకేసారి మరణం. ఒకే ప్రమాదంలో ఇద్దరు పోయి, ఎవరు ముందో తేలకపోతే వయసులో చిన్నవాళ్లు పెద్దవాళ్ల తర్వాత పోయినట్టు హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ భావిస్తుంది. పిల్లలు లేని భార్యాభర్తలను ఉదాహరణగా తీసుకుందాం. భర్త పెద్ద, భార్య చిన్న. ఇద్దరూ వాగులో కొట్టుకుపోయారు. భర్త తల్లి ఉంది, భార్య తల్లిదండ్రులున్నారు. భర్త ఆస్తిలో సగం తల్లికి, సగం కాసేపు బతికిందనుకున్న భార్యకు వస్తుంది. ఆ తర్వాత భార్య వాటా భర్త వారసురాలైన అత్తకే తిరిగి వెళ్తుంది. భార్య తన కూలితో, ఉద్యోగంతో కూడబెట్టుకున్న సొమ్ము కూడా అత్తకే పోతుంది. ఆమెను చదివించిన తల్లిదండ్రులకు అందులో ఏమీ రాదు. ఆమె నాలుగు వాక్యాలు రాసి పెట్టి ఉంటే ఇది వేరుగా ఉండేది. అందుకే వీలునామాలో మొదటి వారసుడి తర్వాత రెండో పేరు కూడా ఉండాలి. ఆయన నాకంటే ముందు పోయినా, ఇద్దరం ఒకే ఘటనలో పోయినా ఇది ఫలానావారికి అని స్పష్టంగా రాయాలి.

రెండోది, ఆచూకీ లేకపోవడం. శవం దొరకని మనిషిని చట్టం వెంటనే చనిపోయినట్టు ఒప్పుకోదు. ఏడేళ్లు ఎవరికీ కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టంలో ఉన్న నియమం 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగింది. 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2021 చమోలీ దుర్ఘటన తర్వాత అంత కాలం ఆగకుండా మరణ ధ్రువీకరణ ఇచ్చే ప్రత్యేక పద్ధతి తెచ్చారు. అలాంటి ఉత్తర్వు రావాలన్నా మొదటి మెట్టు పోలీసు ఫిర్యాదు. వాగులో పోయాడని ఊరంతా చూసినా ఫిర్యాదు, పంచనామా, చూసినవాళ్ల వాంగ్మూలాలు కాగితం మీద ఉండాలి. ఏడేళ్లూ బీమా పాలసీ మురిగిపోకుండా ప్రీమియం కడుతూ ఉండడం మంచిది.

మూడోది, మరణ నమోదు. 21 రోజుల్లోగా గ్రామ పంచాయతీ కార్యదర్శికి తెలిపితే మరణ ధ్రువపత్రం తేలిగ్గా వస్తుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పరిహారం, బీమా, విరాసత్, పింఛను అన్నిటికీ తాళంచెవి ఈ ఒక్క కాగితమే.

నాలుగోది, కాగితాలు పోవడం. దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దొరుకుతాయి. విద్యార్హత పత్రాలు, లైసెన్సు వంటివి 2015లో మొదలైన డిజిలాకర్‌లో ఉంచుకోవచ్చు. తాకట్టు చీటీలు, చిట్టీ పుస్తకాలు, చేబదులు నోట్లు మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకవు.

వరద, కరువు వంటి విపత్తు బాధితులకు, స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా, మండల న్యాయ సేవా కమిటీని కలిసినా చాలు. డబ్బులేక వారసత్వం వదులుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

పిల్లల సంరక్షణ

తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి పోతే మైనర్ పిల్లలను ఎవరు పెంచాలన్నది ఆస్తి కంటే పెద్ద ప్రశ్న. హిందూ తల్లిదండ్రులు వీలునామాలో సంరక్షకుని పేరు రాయవచ్చు. రాయకపోతే పిల్లల పేరు మీదున్న భూమి కోసం సంరక్షణ కోరేవాళ్లు, పిల్లల మీద ప్రేమతో వచ్చేవాళ్లు కోర్టు ముందు ఒకేలా నిలబడతారు. పిల్లవాడి స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మకూడదు. పెంచే మనిషి ఒకరు, డబ్బు చూసే మనిషి మరొకరు అయితే ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది. కోవిడ్‌లో ఇద్దరు తల్లిదండ్రులనూ కోల్పోయిన పిల్లలకు కేంద్రం 23 ఏళ్లు నిండేనాటికి 10 లక్షలు అందే పథకం తెచ్చింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అమ్మమ్మలు, మేనమామలు, పెద్దమ్మలు పిల్లలను గుండెకు హత్తుకున్నారు. ఆ ప్రేమకు ఒక కాగితం తోడుంటే స్కూలు నుంచి బ్యాంకు దాకా వాళ్ల మాట చెల్లేది.

అప్పులు

చనిపోయిన మనిషి అప్పుకు వారసులు తాము పొందిన ఆస్తి మేరకే బాధ్యులు. తండ్రి వదిలింది రెండెకరాలైతే ఆ రెండెకరాల విలువ దాటి కొడుకు సొంత సంపాదన మీదకు అప్పు రాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత నియమాన్ని 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు చట్టం ఎత్తేసింది. కానీ హామీ సంతకం పెట్టిన కొడుకు హామీదారుగా బాధ్యుడే. కొన్ని పంట రుణాలకు, మహిళా సంఘం రుణాలకు బీమా ఉంటుంది కాబట్టి ఒక మరణం తర్వాత బాకీ కట్టే ముందు బ్యాంకులో, గ్రామ సంఘంలో ఆ మాట అడగాలి.

ఆస్తుల జాబితా పక్కనే అప్పుల జాబితా కూడా ఉండాలి. ఎవరి దగ్గర ఎంత, ఏ వడ్డీకి, ఎంత కట్టింది, ఏ నగ తాకట్టులో ఉంది అన్నీ రాయాలి. ఆ లెక్క లేని ఇంటికి పదో రోజున తెలియని బాకీలవాళ్లు వస్తారు. ఉన్న లెక్క కూడా భార్యకు, పిల్లలకు చెప్పకపోతే లేనిదానితో సమానం.

అశక్తత, వృద్ధాప్యం

ప్రమాదం మనిషిని చంపకుండా మంచాన పడేయవచ్చు. అప్పటికి ముక్తార్‌నామా (పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చి ఉన్నా, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే అది చెల్లదు. అందుకే భార్యాభర్తలు కనీసం ఒక బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగే ఉమ్మడి ఖాతాగా ఉంచుకోవాలి. వైద్యం విషయంలో 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశానికి దారి తెరిచింది. 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. కోలుకునే ఆశ లేని స్థితిలో యంత్రాల మీద ఎంతకాలం ఉంచాలో, నిర్ణయం ఎవరు తీసుకోవాలో అందులో రాయవచ్చు.

ఆపద భయంతో ముందే భూమి అంతా పిల్లలకు రిజిస్టర్ చేసి ఇవ్వడం పల్లెల్లో మామూలు. ఒకసారి ఇస్తే తిరిగి తీసుకోవడం కష్టం. ఇవ్వాల్సి వస్తే తమను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోవాలి. ఆ షరతు తప్పితే 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. చాలా కుటుంబాలకు వీలునామానే మంచిది. ఆస్తి చివరిదాకా తమ చేతిలో ఉంటుంది, మాట కూడా రాసి ఉంటుంది.

వలస కుటుంబాలు

ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు, అమెరికాకు, హైదరాబాద్‌కు వెళ్లినవాళ్లు చాలా ఇళ్లలో ఒకరైనా ఉంటారు. ఇమిగ్రేషన్ అనుమతి అవసరమైన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. పాలసీ కాపీ ఇంటి దగ్గర కూడా ఉండాలి. విదేశంలో ఆస్తి, బ్యాంకు ఖాతాలు ఉన్నవాళ్లు అక్కడి చట్టం ప్రకారం ఒక వీలునామా, ఇక్కడి ఆస్తికి మరొకటి రాసుకోవడం మేలు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయకుండా మాటలు జాగ్రత్తగా రాయించాలి. ఊళ్లో భూమి చూసుకునే అన్నదమ్ములకు ఏ మేరకు అధికారం ఇచ్చారో కూడా కాగితం మీద ఉండాలి.

ఇంట్లో చేసుకోవాల్సింది

ఇదంతా ఒక్క రోజులో చేయలేకపోయినా మొదలుపెట్టడానికి ఒక రోజు చాలు. మొదట ఒక నోటుబుక్కులో ఆస్తులు, అప్పులు, బీమాలు, ఖాతాలు, రావాల్సిన బాకీలు రాయాలి. తర్వాత ప్రతి చోటా నామినీ పేరు సరిచూసుకోవాలి. మూడోది, సాక్షులను ఎంచుకుని వీలునామా రాసి రిజిస్టర్ చేయించాలి, లేదా సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఉంచాలి. నాలుగోది, పాస్ బుక్కు, దస్తావేజులు, ఆధార్, పెళ్లి, పుట్టిన ధ్రువపత్రాల నకళ్లను నీరు చొరని సంచిలో ఒకచోట, వేరే ఊళ్లోని నమ్మకమైన మనిషి దగ్గర మరోచోట ఉంచాలి. ఫోన్ తాళం, ముఖ్యమైన ఖాతాల జాడ ఇంట్లో ఇంకొక మనిషికి తెలియాలి.

ఈ ఏర్పాటును వానాకాలం మొదలయ్యే ముందు, ఏటా ఒకసారి తిరిగి చూసుకోవాలి. కొత్త పాప పుట్టినా, పెళ్లి జరిగినా, నామినీ పోయినా, భూమి కొన్నా, అమ్మినా అందులో మార్పు రావాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఈ మాటలు వాళ్ల ముందే మాట్లాడుకోవాలి. తన తర్వాత ఇంటివాళ్లు ఒకరినొకరు అనుమానించుకోకుండా చూసుకోవడం ఇంటి పెద్ద చేయగల చివరి మేలు. చిల్పూరు గుట్ట మీద స్వామిని పట్టిన బుగులు తీరని బాకీది. మన బాకీల లెక్క, మన మాట రాసి పెడితే ఆ బుగులు మన పిల్లలకు వారసత్వంగా వెళ్లదు.